వైజాగ్‌లో ‘క్యాసినో వీకెండ్’: అత్తయ్యగారికి రావాల్సిన టెడ్డీబేరు

ముందే చెప్పేస్తాను, వైజాగ్‌లో క్యాసినో లేదు. ఉండడానికి వీల్లేదు కూడా. 1974 నాటి గేమింగ్ చట్టం ప్రకారం మన రాష్ట్రంలో జూదం ఇల్లు నడపడం నేరం. 2020లో డబ్బు పెట్టి ఆడే ఆన్‌లైన్ రమ్మీని కూడా అందులోకే లాగారు. క్యాసినో కావాలంటే గోవా పోవాలి, లేదా సిక్కిం పోవాలి. ఈ సంగతి నాకు తెలుసు. మా బావమరిదికి ఇంకా బాగా తెలుసు, పణజీలో మాండవి నది మీద నిలిపిన ఆ ఓడల్లో ఓ రాత్రంతా గడిపొచ్చినవాడు. అన్నీ తెలిసే భీమిలి రోడ్డులో కొత్తగా తెరిచిన ఓ పెద్ద రిసార్టువాళ్ళ ‘క్యాసినో వీకెండ్’ ప్యాకేజీకి డబ్బు కట్టాం. రిసార్టు పేరు మాత్రం రాయను. మాకింకా టెడ్డీబేరు రావాల్సి ఉంది.

సందర్భం అత్తయ్యగారి అరవయ్యో పుట్టినరోజు. నేను, మా ఆవిడ, తొమ్మిదేళ్ళ మా అమ్మాయి, అత్తయ్యగారు, బావమరిది, మొత్తం ఐదుగురం. ఆ రిసార్టులో గది మామూలు ధర రాత్రికి 15,000. ప్యాకేజీ అయితే 19,000. పైన పెట్టిన నాలుగు వేలకి రోజుకి ఒక్కో గదికి 3,000 రూపాయల ‘రిసార్ట్ క్రెడిట్’, మనిషికి 5,000 ఆట చిప్స్, శనివారం రాత్రి క్యాసినో హాల్లోకి ప్రవేశం. నాలుగు వేలు ఎక్కువిచ్చి మూడు వేలు వెనక్కి తెచ్చుకుంటే పోయేది వెయ్యేగా అనుకున్నాను. ఆ నాలుగు వేల మీదా 18 శాతం జీఎస్టీ పడుతుందన్నది బిల్లు చూశాకే తట్టింది. రెండు గదులకి రెండు రాత్రులకి 76,000, పన్ను 13,680, మొత్తం 89,680. గది అద్దె 7,500 లోపుంటే పన్ను 5 శాతమే. మేం కట్టిన పన్ను డబ్బులతోనే ఊళ్ళో మంచి ఏసీ గది నాలుగు రోజులు దొరుకుతుంది.

రాజమండ్రిలో రత్నాచల్ ఎక్కి మధ్యాహ్నానికి దిగాం. స్టేషన్ నుంచి క్యాబ్ 780. రిసార్టువాళ్ళ కారైతే 3,200, టాక్స్ అదనం అన్నారు. వద్దన్నాం.

గది బాగుంది, అబద్ధం ఆడకూడదు. ఆరో అంతస్తు, ఎదురుగా సముద్రం. పరుపు ఎలాంటిదంటే, ఎక్కడ పడుకున్నా ఏడాదిగా నడుం నొప్పి అంటున్న మా ఆవిడ ఆ రెండు రోజులూ నొప్పి మాటే ఎత్తలేదు. తెల్లారకముందే లేచి బాల్కనీలో కూర్చుంటే చేపల పడవల దీపాలు ఒక్కొక్కటీ ఒడ్డుకి జరుగుతూ వస్తాయి. అదొక్కటీ చూడ్డానికి మళ్ళీ వెళ్ళొచ్చు.

ఇక బాత్రూం. గదికీ బాత్రూంకీ మధ్య గోడ లేదు. నిలువెత్తు అద్దం ఉంది. దానికో తెర, ఆ తెరకో బటన్, బటన్ మాత్రం మంచం పక్కన. అంటే స్నానానికి వెళ్ళిన మనిషి గౌరవం మంచం మీదున్న మనిషి చేతిలో ఉంటుందన్నమాట. మా గదిలో తెర పనిచేసింది. తల్లీకొడుకులున్న పక్క గదిలో సగానికి దిగి ఆగిపోయింది. కిందికి ఫోన్ చేస్తే టెక్నీషియన్ వచ్చి, నిచ్చెనెక్కి, దిగి, ‘పార్ట్ చెన్నై నుంచి రావాలండి’ అన్నాడు. వేరే గది ఇవ్వమంటే సముద్రం వైపు ఖాళీ లేదు, వెనకవైపు ఉంది, కానీ ఏడో అంతస్తులో ఇంకా డ్రిల్లింగ్ జరుగుతోంది, ఆ మోత వినిపిస్తుంది అన్నారు. చివరికి హౌస్‌కీపింగ్ కుర్రాడు రెండు దుప్పట్లూ ఓ టేపూ తెచ్చి అద్దానికి అడ్డం కట్టాడు. ఆవిరికి ఆ టేపు పొద్దుటికల్లా ఊడింది. అత్తయ్యగారు స్నానానికి లేచినప్పుడల్లా బావమరిది కారిడార్‌లోకి పోయి నిలబడేవాడు. రెండు రోజుల్లో ఆ కారిడార్‌లో ఎన్ని ఫొటోలు తగిలించారో వాడికి కంఠతా వచ్చేసింది. పద్నాలుగట.

‘‘ఇంత డబ్బెట్టి కట్టినోళ్ళకి ఓ వంద ఇటుకలు కరువయ్యాయా అల్లుడుగారూ?’’ అన్నారు అత్తయ్యగారు. నా దగ్గర జవాబు లేదు. బుక్ చేసింది నేనే కదా. పెద్దవాళ్ళతో వెళ్ళేవాళ్ళు డబ్బు కట్టేముందు ఫోన్ చేసి, ‘బాత్రూంకి గోడ ఉందా’ అని అడగండి. సిగ్గుపడకండి.

మొదటి రాత్రి కింద రెస్టారెంట్‌లో భోంచేశాం. తిండికి ఫరవాలేదు. బిల్లు దగ్గరే పేచీ వచ్చింది. తిన్నది 6,840. దాని మీద సర్వీస్ చార్జి 10 శాతం, 684. ఆ రెండూ కలిపి, ఆ మొత్తం మీద 18 శాతం జీఎస్టీ. వెరసి 8,878. సర్వీస్ చార్జి తీసేయమన్నాను. ‘హోటల్ పాలసీ సర్’ అన్నాడు కెప్టెన్. ఇలా అడక్కుండా బిల్లులో కలపకూడదని కేంద్ర వినియోగదారుల రక్షణ ప్రాధికార సంస్థ 2022 జులైలోనే చెప్పింది, హోటళ్ళవాళ్ళు కోర్టుకెక్కితే 2025 మార్చిలో ఢిల్లీ హైకోర్టు కూడా అదే మాట అంది. ఇదంతా నిదానంగా చెప్పి, వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915కి ఫోన్ చెయ్యమంటావా అని అడిగాను. ఇరవై ఐదు నిమిషాలు పట్టింది. మా అమ్మాయి కుర్చీలోనే నిద్రపోయింది, మా ఆవిడ నావైపు చూడ్డం మానేసింది. చివరికి తీసేశారు, 8,071 అయింది. 807 రూపాయల కోసం అంత గొడవా అంటారా? అవును, అంత గొడవే.

ఆ బిల్లుకి క్రెడిట్ వాడమన్నాను. అప్పుడు బయటపడింది అసలు సంగతి. ఆ క్రెడిట్ కింద రెస్టారెంట్‌లో చెల్లదు, రూమ్ సర్వీస్‌కి చెల్లదు, పన్నుకి అసలే చెల్లదు. పైకప్పు మీది గ్రిల్‌లోనూ, స్పాలోనూ మాత్రమే. అర్ధరాత్రి దాటితే ఆ రోజుది పోతుంది. టైమప్పుడు పదిన్నర. స్పా తొమ్మిదికే మూసేశారు, గ్రిల్‌లో లాస్ట్ ఆర్డర్ అయిపోయింది. ‘టర్మ్స్ అండ్ కండిషన్స్‌లో ఉంది కద సర్’ అంది రిసెప్షన్ అమ్మాయి, పాపం చాలా మర్యాదగా. చెకిన్ అప్పుడు నీలం రంగు నీళ్ళేవో గ్లాసులో పోసి ఇచ్చి స్విమ్మింగ్ పూల్ టైమింగ్స్ దగ్గర్నుంచి అన్నీ చెప్పిన అమ్మాయే. ఇదొక్కటీ చెప్పలేదు.

ఆరు వేలు అలా గాల్లో కలిశాయి. రెండో రోజు ఆరు వేలూ మాత్రం వదల్లేదు. మా ఆవిడకి కాళ్ళ మసాజ్, రాత్రి గ్రిల్‌లో చందువా చేప, రొయ్యలు. అత్తయ్యగార్ని కూడా మసాజ్ చేయించుకోమంటే, ‘‘ఎవరో ముక్కూమొహం తెలీని పిల్ల చేత కాళ్ళు పట్టించుకోనా, పాపం తగుల్తుంది’’ అన్నారు. లెక్క తేలిందేమిటంటే, ప్యాకేజీ కోసం పన్నుతో కలిపి అదనంగా కట్టింది 18,880, చేతికొచ్చింది 6,000. అంటే ఆ క్యాసినో హాలు టిక్కెట్టు మాకు 12,880 పడింది.

అంత టిక్కెట్టు పెట్టిన ఆట ఎలా ఉందో చెప్పాలిగా.

హాలు పెళ్ళిళ్ళకి కట్టిందే. ఎర్ర తివాచీ, నల్ల కోటు కుర్రాళ్ళు, ఆరు బల్లలు. గుమ్మం దగ్గరే పెద్ద బోర్డు: ఇక్కడ డబ్బు తీసుకోం, చిప్స్‌కి నగదు విలువ లేదు. బావమరిది ఆ బోర్డు చదివి మొహం మాడ్చుకున్నాడు, గోవాలో అయితే అనబోయి అక్క చూపు చూసి ఆగాడు. నేరుగా రౌలెట్ చక్రం దగ్గరికెళ్ళి వంగి చూసి, గట్టిగా నవ్వాడు. ‘‘బావా, దొంగ డబ్బులాటకి కూడా రెండు సున్నాలు పెట్టారేంటి!’’

నాకర్థం కాలేదు. వాడు చెప్పాడు. చక్రం మీద 1 నుంచి 36 దాకా అంకెలుంటాయి, ఒక్క అంకె మీద పెట్టి గెలిస్తే, పెట్టింది కాక 35 రెట్లిస్తారు. సున్నాలే లేకపోతే ఎవరికీ లాభం ఉండదు. ఒక సున్నా పెడితే ఆట నడిపేవాడికి నూటికి 2.7 మిగుల్తుంది, రెండు సున్నాలు పెడితే 5.26. డబ్బే లేని ఆటలో కూడా ఎక్కువ మిగిలే చక్రమే కొన్నారు ఈ మహానుభావులు. వాడు ఆ కోపంలోనే తన 5,000 చిప్సూ ఇరవై నిమిషాల్లో పోగొట్టుకున్నాడు.

అత్తయ్యగారిది భీమవరం పక్క పల్లె. సంక్రాంతికి కోడిపందేల బరి పక్కన గుండాటలూ, లోనా-బయటలూ ఎలా నడుస్తాయో చిన్నప్పట్నుంచీ చూసిన మనిషి. చూడ్డమే, అదీ మేడ మీంచి. ఆడపిల్లల్ని బరి ఛాయలకి రానిచ్చేవారు కాదట. ఇక్కడ ఆరో బల్ల మీద అందర్ బాహర్ అని రాసుంది. రెండాటలు నిలబడి చూసి, ‘‘ఇది మన లోనా-బయటేగా’’ అని పమిట దోపుకుని కూర్చున్నారు.

ఆట చిన్నదే. మధ్యలో ఒక ముక్క తిప్పుతారు, తర్వాత లోనకొకటి బయటకొకటి వేసుకుంటూ పోతారు, ఆ అంకె ముక్క ఏ వైపు పడితే ఆ వైపు గెలుపు. అత్తయ్యగారు ప్రతిసారీ ముందు ముక్క పడే వైపే కాశారు. మా నాన్నగారు చెప్పేవారు అంటారు. ఆయన చెప్పింది నిజమే, ముందు పడే వైపుకి నూటికి 51 పైచిలుకు వస్తుందట. మామూలుగా ఆ వైపు గెలిస్తే కాసినదానికంటే కాస్త తక్కువిస్తారు. ఈ కొత్త కుర్రాడికి అది నేర్పలేదో ఏమో, రెండు వైపులా సమానంగా ఇచ్చేశాడు. అయినా ఆ కాస్త మొగ్గుకే అంత రాదు లెండి, ఆ రాత్రి ఆవిడ చెయ్యి అలా నడిచింది. పదకొండయ్యేసరికి ముందు 41,500 చిప్స్. చుట్టూ జనం. ఓ పెద్దాయన వెనక నిలబడి ‘అమ్మగారు ఎటేస్తే అటే’ అని కాస్తున్నాడు. అత్తయ్యగార్ని అంత హుషారుగా నా పెళ్ళిలో కూడా చూళ్ళేదు.

కౌంటర్ దగ్గర బహుమతుల పట్టిక: 10,000కి కీచైన్, 25,000కి కప్పు, 40,000కి టెడ్డీబేరు. లక్షకి ఒక రాత్రి బస. ఆవిడ పట్టిక చదివి, చిప్స్ ట్రే మేనేజర్ ముందు పెట్టి, ‘‘ఇవి మా బిల్లులో తగ్గించు బాబూ’’ అన్నారు.

‘‘వీటికి విలువ లేదు మేడమ్.’’

‘‘అయితే పోగొట్టుకున్నోళ్ళకి ఏం పోయినట్టయ్యా?’’

అతను నావైపు చూశాడు. నేను బావమరిది వైపు చూశాను. వాడు కారిడార్‌కి అలవాటు పడ్డాడేమో, అప్పటికే బయటున్నాడు. చివరికి టెడ్డీబేరుకే ఒప్పుకున్నారు, మనవరాలి కోసం. తీరా చూస్తే స్టాకు ఇంకా రాలేదట. కొత్తగా తెరిచాం కదండీ అన్నారు. అడ్రసు రాసుకుని, ముద్ర వేసిన చీటీ ఇచ్చారు.

మిగతా తిరుగుళ్ళు సాఫీగా జరిగాయి. తొట్లకొండ మీద బౌద్ధుల కాలం నాటి నీటి తొట్లు చూశాం, ఆ కొండకి పేరొచ్చింది వాటివల్లే. ఎర్రమట్టి దిబ్బల్లో ఎండ దంచేసింది, సాయంత్రం వెళ్ళండి. భీమిలిలో మనిషికి 220 పెట్టి చేపల పులుసు భోజనం చేశాం, ఉప్పెక్కువైంది. ఊరెళ్ళే రోజు బీచ్ రోడ్డులో కురుసురా జలాంతర్గామి ఎక్కాం. 31 ఏళ్ళు నేవీలో పనిచేసిన పడవ, మనిషి పక్కకి తిరిగి నడవాలి లోపల. అత్తయ్యగారు ఒక చోట ఆగి, ‘‘చూశారా, ఇంత ఇరుకులోనూ దొడ్డికి తలుపెట్టారు’’ అన్నారు.

రిసార్టులో ఒక్క మనిషిని మాత్రం మెచ్చుకోవాలి, పొద్దుటి టిఫిన్లలో పెసరట్టు వేసే ఆయన్ని. నలభై రెండు రకాలున్నాయని మా అమ్మాయి లెక్కపెట్టింది, అందులో ఇడ్లీ రాయి, పూరీ చల్లారిపోయింది. ఈయన పెనం దగ్గరే ఉల్లిపాయ సన్నగా తరిగి, అట్టు అంచు ఎర్రబడ్డాకే తీసేవాడు. ‘‘అల్లప్పచ్చడి నాను చేసిందేనండి, డబ్బాది కాదు, ఎలాగుందో సెప్పండి’’ అన్నాడు. అత్తయ్యగారు మూడు తిన్నారు. రెండో రోజు ఆయన మమ్మల్ని చూడగానే పెనం మీద నీళ్ళు చిలకరించాడు.

వెళ్ళాలనుకుంటే 15,000 గదే తీసుకోండి, ప్యాకేజీ జోలికి పోకండి. ఏడో అంతస్తు పని అయ్యేదాకా ఆగితే ఇంకా మంచిది. పూల్‌లో దిగడానికి నైలాన్ బట్టలు ఇంటి నుంచే పట్టికెళ్ళండి, అక్కడ పిల్లల జత 900. ఎదురుగా ఉందని సముద్రంలో మాత్రం దిగొద్దు, ఆ ఒడ్డున లోపలికి లాగేస్తుంది, గార్డులు ఈల వేస్తూనే ఉన్నారు.

మేం వచ్చి ఏడు వారాలైంది. చీటీ అత్తయ్యగారి బీరువాలో, బంగారం రసీదుల పక్కన ఉంది. ప్రతి సోమవారం పదకొండింటికి ఆవిడ రిసార్టుకి ఫోన్ చేస్తారు. మొన్న ఎత్తినవాళ్ళు, పేరు చెప్పకముందే, ‘‘అమ్మగారూ, ఈ వారం పంపేస్తామండి’’ అన్నారట.