మొదటి సోడా ఫైరింగ్: కుండ బయట స్లిప్ మేలా, గ్లేజు మేలా?

కోన్ 8 (బట్టీ వేడి చేరిందని వంగి చూపే చిన్న శంకువు) వంగాక బట్టీలోకి వదిలిన సోడా ఆవిరై, మట్టిలోని సిలికా, అల్యూమినాతో కలిసి కుండ మీద తనే గ్లేజు (గాజులాంటి పొర) కడుతుంది. మరి ముందే ఏం పూయాలి? మొదటి బట్టీకి బయట స్లిప్పే (నీళ్లలో కలిపిన పల్చని మట్టి పూత) మేలు. లోపల గ్లేజు తప్పదు, సన్నమూతి కుండల్లోకి ఆవిరి సరిగా చేరదు కాబట్టి.

బయట గ్లేజు ఎందుకు వద్దంటే, సోడా దాన్ని ఇంకా కరిగిస్తుంది. మామూలు బట్టీలో కదలకుండా నిలిచే సెలడాన్ (లేత ఆకుపచ్చ గ్లేజు) ఇక్కడ కారిపోయి షెల్ఫుకు అతుక్కుంటుంది, మ్యాట్ (మెరుపు లేని గ్లేజు) కాస్తా నిగనిగలాడుతుంది. పైగా కొత్త బట్టీలో ఆవిరి ఏ మూలకు ఎంత పోతుందో తెలియదు. స్లిప్ ఆ లెక్క చూపిస్తుంది: సోడా బాగా తగిలిన వైపు మెరుపు, బత్తాయి తొక్కలాంటి గరుకు, తగలని వైపు పొడిగా నారింజ రంగు. అయినా గ్లేజు పూసి చూడాలనిపిస్తే రెండు మూడు కుండలకే, అడుగు నుంచి రెండు సెంటీమీటర్లు వదిలి పూయండి. సోడా వేసే రంధ్రానికి ఎదురుగా పెట్టకండి. ఏమీ పూయని మట్టి కూడా బాగుంటుంది, కానీ రంగు పూర్తిగా ఆ మట్టిలోని ఇనుము దయే.

స్లిప్‌కి చైనా క్లే (తెల్లమట్టి) 800 గ్రాములు, నెఫిలీన్ సైనైట్ (కరగడానికి తోడ్పడే రాతిపొడి) 200. మాస్కు పెట్టుకుని, నీళ్లలో రాత్రంతా నానబెట్టి, 80 మెష్ జల్లెడ పట్టండి. మరీ తెల్లటి చైనా క్లే పాలిపోయిన రంగే ఇస్తుంది. సగం తీసి బాల్ క్లే (మెత్తని జిగురు మట్టి) వేస్తే నారింజ, మెరుపు రెండూ పెరిగే అవకాశం ఎక్కువ. ఈ పాళ్లు పచ్చి కుండకు. బిస్క్ (ముందే ఒకసారి కాల్చిన కుండ) మీదైతే స్లిప్ ఎక్కువ కుంచించుకుని పెచ్చులూడుతుంది. అందుకని ఆ 800లో 400 గ్రాముల చైనా క్లేని గిన్నెలో పోసి బిస్క్ బట్టీలోనే కాల్చి వాడండి. కాల్చాక 345 గ్రాములకు తగ్గుతుంది, అది సహజమే. పూత పల్చగా ఉండాలి. మందమైతే పొడిబారుతుంది, లేదా రాలిపోతుంది.

లోపలికి 4-3-2-1 చాలు: ఫెల్డ్‌స్పార్ 400, క్వార్ట్జ్ 300, వైటింగ్ (సుద్దపొడి) 200, చైనా క్లే 100 గ్రాములు. ముందు ఇది పోసి వంచేసి, బయట పడ్డ చుక్కల్ని తడి స్పాంజితో తుడిచి, ఆరాకే స్లిప్ పూయండి. తుడవని చుక్క కాలాక మచ్చగా మెరుస్తుంది.

కుండ షెల్ఫుకు అతుక్కోకుండా అడుగున అల్యూమినా హైడ్రేట్, చైనా క్లే సమపాళ్లలో కలిపిన ముద్దలు మూడేసి పెట్టండి. మూతకీ కుండకీ మధ్య కూడా. షెల్ఫు పూతా అదే మిశ్రమం. అందులో క్వార్ట్జ్ కలిపితే సోడా దాన్నే గ్లేజు చేసేస్తుంది.

సోడా మొదలయ్యాక కోన్లను నమ్మలేం, అవీ ముందే మెత్తబడతాయి. అదే మట్టితో, అదే స్లిప్‌తో చేసిన ఉంగరాలు నాలుగైదు చూపురంధ్రం దగ్గర ఉంచి, ఇనుప కడ్డీతో ఒక్కొక్కటే లాగి చూస్తూ సోడా ఆపాలో ఇంకా వేయాలో తేల్చుకోండి.