గ్రీన్ స్టఫ్, మిల్లీపుట్, ఎమ్‌సీల్: కొన్నేళ్ళు వాడాక నా మాట

మీనియేచర్ బొమ్మలకు చేతులు, తలలు, కత్తులు మార్చే పని మొదలుపెట్టేవాళ్ళు ముందుగా అడిగేది ఏ జిగురు కొనాలి అని. నన్నడిగితే జిగురు గురించి అంత టెన్షన్ అక్కర్లేదు. ముక్క కదలకుండా ఓ అయిదు నిమిషాలు పట్టుకుందంటే దాని పని అయిపోయినట్టే, ఆ తర్వాత ఏళ్ళ తరబడి పట్టుకోవాల్సింది లోపలి తీగ, చుట్టూ ఉన్న పుట్టీ, అంటే రెండు భాగాలు కలిపి పిసికితే నెమ్మదిగా గట్టిపడే ముద్ద. గ్రీన్ స్టఫ్, మిల్లీపుట్, ఎమ్‌సీల్ అనే మూడు పుట్టీలనూ పక్కపక్కనే పెట్టుకుని వాడుతున్నాను కాబట్టి ఏది ఎక్కడ పనికొస్తుందో చెబుతాను.

నేను చేసేది 28 మిల్లీమీటర్ల ప్లాస్టిక్ సైనికుల్ని కాకతీయుల కాలపు కాల్బలంగా మార్చడం. మధ్యయుగపు యూరప్ సైనికులు ఎన్ని రకాలైనా దొరుకుతారు గానీ పంచె ఎగ్గట్టి తలపాగా చుట్టినవాడు దొరకడం కష్టం. అందుకని ఒకడి మొండెం, ఇంకొకడి కాళ్ళు, త్రీడీ ప్రింటులో రెజిన్‌తో తీయించిన చేతులు, డాళ్ళు అన్నీ కలిపి, బట్టలు మాత్రం పుట్టీతో చేస్తాను.

జిగురు సంగతి త్వరగా ముగిస్తాను. పాలిస్టైరీన్ ప్లాస్టిక్‌కు అదే ప్లాస్టిక్ అతకాలంటే టమియా ఎక్స్‌ట్రా థిన్ లాంటి సిమెంటు. అది రెండు అంచుల్నీ కాస్త కరిగించి ఒకటి చేసేస్తుంది, రెండు ముక్కల్నీ కలిపి పట్టుకుని సందు దగ్గర బ్రష్ ఆనిస్తే దానంతటదే లోపలికి పాకుతుంది. రెజిన్ మీద, లోహం మీద మాత్రం అది పనిచేయదు, అక్కడ సూపర్ గ్లూ, అంటే మన ఫెవిక్విక్ రకం చాలు. ఈ రకం జిగురు గాలిలో తేమ తగిలి గట్టిపడుతుంది, కాబట్టి విశాఖలోనో కాకినాడలోనో ఉండేవాళ్ళు తొందరగానే ముక్కను సరైన చోట పెట్టేయాలి, పైగా తేమ ఎక్కువున్న రోజుల్లో అతుకు చుట్టూ తెల్లటి పొడిలా పేరుకుంటుంది. ఇంకో మాట, నూలు గుడ్డతో దాన్ని తుడవకండి, నూలు తగిలితే చర్మం కాలేంత వేడెక్కుతుంది.

సూపర్ గ్లూ గట్టిదే కానీ పెళుసు. నిలువుగా లాగితే ఊడదు, బొమ్మ బల్ల మీంచి పడి పక్కనుంచి దెబ్బ తగిలితే మాత్రం చెయ్యి టప్పున ఎగిరిపోతుంది. దీనికి నేను వదలకుండా పాటించే పద్ధతి ఒకటుంది. భుజం మీద ఆవగింజంత గ్రీన్ స్టఫ్ ఉండ పెట్టి, దాని చుట్టూ ప్లాస్టిక్ మీద ఒక చుక్క, అతికించే చేతి మీద ఇంకో చుక్క జిగురు వేసి నొక్కేయడమే. జిగురు వెంటనే పట్టుకుంటుంది, మధ్యలో పుట్టీ రాత్రంతా నెమ్మదిగా గట్టిపడి సందులన్నీ నింపేస్తుంది. అది ఎండాక కూడా కొద్దిగా సాగే గుణం ఉంటుంది కాబట్టి దెబ్బను తట్టుకుంటుంది. బరువైన ముక్కలకు తీగ తప్పనిసరి: మణికట్టు దగ్గర అర మిల్లీమీటరు ఇత్తడి తీగ, భుజం దగ్గర ఒక మిల్లీమీటరు బిట్టుతో బెజ్జం వేసి జెమ్ క్లిప్పు ముక్క. రెండు బెజ్జాలూ ఎదురెదురుగా రావాలంటే మొదటి తీగ కొనకు చుక్క రంగు పూసి అవతలి ముక్కకు ఆనించండి, ఎక్కడ అంటుకుంటే అక్కడే రంధ్రం.

కొండపల్లి బొమ్మలవాళ్ళకు ఇందులో కొత్తేమీ ఉండదు. తెల్లపొణికి చెక్కలో విడివిడిగా చెక్కిన ముక్కల్ని చింతగింజల పొడి, రంపపు పొట్టు కలిపిన మక్కుతో అతుకుతారు, అదే మక్కుతో పైన గుండ్రాలూ వివరాలూ దిద్దుతారు. అతుకూ ఆకారమూ ఒకే సరుకుతో అన్నమాట. గ్రీన్ స్టఫ్‌ను నేనూ అలాగే చూస్తాను.

దీని అసలు పేరు నీడటైట్. పసుపు, నీలం సమానంగా తీసుకుని చారలు పోయేదాకా పిసికితే ఆకుపచ్చ వస్తుంది. పసుపు ఎక్కువైతే మెత్తగా, జిగటగా ఉంటుంది, నీలం ఎక్కువైతే గట్టిదనం వస్తుంది. రిబ్బన్ రూపంలో వచ్చేదాంట్లో రెండు రంగులూ తాకే మధ్యగీత ముందే గట్టిపడి ఉంటుంది, దాన్ని బ్లేడుతో కోసి పారేయాల్సిందే, లేకపోతే మొహం మీద ఇసుక రేణువులు తేలతాయి. ఆన్‌లైన్‌లో ఒక అమ్మకందారు పంపిన పాకెట్టులో సగం రిబ్బన్ ఇలాగే రాయైపోయి వచ్చింది, రిటర్న్ కూడా తీసుకోలేదు. అందుకే ఇప్పుడు రెండు కడ్డీలు విడివిడిగా ఉండే రకమే తెప్పించుకుంటాను.

కలిపిన వెంటనే మొదలుపెట్టకండి. పావుగంట, ఇరవై నిమిషాలు ఆగితే వేళ్ళకు అంటుకోవడం తగ్గి, నమిలిన బబుల్‌గమ్‌లా అవుతుంది, తలపాగాకు సరైన సమయం అదే. సన్నటి దారాలు చేసి, కొద్దిగా చదును చేసి, చెవి పైనుంచి ఏటవాలుగా ఒకదాని మీద ఒకటి వేస్తాను, ప్రతి చుట్టు అంచునూ తడి సిలికాన్ బ్రష్‌తో ఒకసారి నొక్కి వదిలేస్తాను. రెండోసారి సవరించబోతే మడత చచ్చిపోతుంది. పనిముట్టుకు నీళ్ళైనా, గోరంత వ్యాజలీనైనా సరిపోతుంది, కానీ వ్యాజలీన్ వాడితే రంగు వేసేముందు సబ్బునీళ్ళతో కడగాలి. మే నెల ఎండల్లో గంట లోపే బిగుసుకుంటుంది, కాబట్టి కొద్దికొద్దిగా కలుపుకోండి.

గ్రీన్ స్టఫ్‌కు ఒక లోపం ఉంది, ఉప్పుకాగితంతో రుద్దితే నునుపు రాదు, పీచులా లేస్తుంది. పదునైన అంచు కావాల్సిన చోట, అంటే డాలు అంచు, కత్తి పిడి, కవచం ముక్క, నేను మిల్లీపుట్‌కు మారతాను. వేల్స్ సరుకు, రాయిలా ఎండుతుంది, రుద్దొచ్చు, బెజ్జం వేయొచ్చు. పచ్చిగా ఉన్నప్పుడు నీళ్ళలో కరుగుతుంది కాబట్టి తడి వేలితో అతుకు గీత మాయం చేసేయొచ్చు. సన్నటి పనికి తెల్లటి సూపర్‌ఫైన్ రకమే తీసుకోండి. పంచె కుచ్చిళ్ళకు మాత్రం రెండూ విడివిడిగా కలిపి, ఆ తర్వాత సగం సగం పిసికి వాడతాను, మడత నిలుస్తుంది, ఎండాక రుద్దడానికీ వస్తుంది.

ఇక ఎమ్‌సీల్. ఏ ఊళ్ళో అయినా హార్డ్‌వేర్ షాపులో చేతికి దొరుకుతుంది, మిగతా రెండూ బయటినుంచి రావాలి. దాని అసలు పని పైపు లీకులు ఆపడం, కనురెప్పలు దిద్దడం కాదు, ఆ లెక్కలోనే వాడుకోవాలి. బొమ్మ కింది నేల, రాళ్ళు, గుర్రం కడుపులో బోలు నింపడం, ఇలాంటి వాటికి ఖరీదైన పుట్టీ దండగ.

మూడూ ఎపాక్సీలే కాబట్టి పచ్చిగా ఉన్నప్పుడు గ్లౌజులు వేసుకోండి, రోజూ చేత్తో పిసికితే దురద, అలర్జీ రావచ్చు. రుద్దేటప్పుడు మాస్కు, అందులోనూ రెజిన్ అయితే తప్పకుండా.

అన్నీ ఎండాక బూడిదరంగు ప్రైమర్, అంటే రంగుకు ముందు వేసే అడుగు పూత, పలచగా కొట్టి వెలుతురులో తిప్పి చూడండి, అప్పటిదాకా కనపడని సందులు అప్పుడు బయటపడతాయి. చేతులు అతికిన చోట గీత ఉంటే మిల్లీపుట్‌ను నీళ్ళతో పాయసంలా కాకుండా ఇంకా చిక్కగా చేసి పాత బ్రష్‌తో పూయండి, ఎండాక ఇంకో పూత ప్రైమర్.