పోతన అడిగితే పూతన: ఎస్‌క్యూలైట్ సెర్చ్‌తో నా అనుభవం

ఫ్రీలాన్స్ డెవలపర్‌ని కాబట్టి నాకు ఒక రకం పని అంటూ ఉండదు. తెనాలిలో ఉంటూ ఏది వస్తే అది చేశాను. రైస్ మిల్లులో కాటా దగ్గర బిల్లింగ్, పళ్ల డాక్టర్ గారి అపాయింట్‌మెంట్లు, అమెరికాలో ఒక తెలుగు సంఘం వాళ్ల రిజిస్ట్రేషన్లు, ఊరి లైబ్రరీకి పుస్తకాల జాబితా. వీటికోసం వాడిన భాషలు మారాయి, ఫ్రేమ్‌వర్కులు మారాయి. డేటా దాచే చోటు మాత్రం దాదాపు అన్నిట్లోనూ ఎస్‌క్యూలైటే, అంటే విడిగా సర్వర్ అక్కర్లేని చిన్న డేటాబేస్.

అదెంత వేగమో వాడినవాళ్లకి తెలిసిందే. నేను చెప్పదలుచుకున్నది దాంతోపాటే వచ్చే సెర్చ్ గురించి, అంటే రాతలో మాటల్ని వెతికిపెట్టే ఎఫ్‌టీఎస్5 అనే భాగం గురించి. ఈ ఒక్కదానికోసమైనా దాన్ని వదలబుద్ధి కాదు నాకు.

చిన్న క్లయింట్ల దగ్గర పని చేసేవాళ్లకి దీని విలువ బాగా తెలుస్తుంది. డాక్టర్ గారి క్లినిక్‌లో ఉన్నది పాత కంప్యూటర్. అక్కడ ఎలాస్టిక్‌సెర్చ్ లాంటి పెద్ద సెర్చ్ సర్వర్ నడపాలంటే ముందు కొత్త మెషీన్ కొనిపించాలి. ఎస్‌క్యూలైట్‌కి ఆ గొడవ లేదు. రిసెప్షన్‌లో అమ్మాయి పేషెంట్ పేరు సగం కొట్టేసరికి లిస్టు ముందుంటుంది. కరెంటు పోయి వచ్చినా ఏ సర్వీసు లేచిందో లేదో చూసే పని లేదు, ఎందుకంటే సర్వర్ అనేదే లేదు. రిచర్డ్ హిప్ 2000లో దీన్ని మొదలుపెట్టింది కూడా అందుకే. అమెరికా నేవీ యుద్ధనౌక కోసం రాసిన ప్రోగ్రాం డేటాబేస్ సర్వర్ పడిపోయినప్పుడల్లా ఆగిపోతుంటే, అసలు సర్వరే లేకపోతే ఏమవుతుంది అన్న ఆలోచన ఆయనకి వచ్చింది. మన లైబ్రరీలకీ క్లినిక్‌లకీ ఆ ఆలోచన అచ్చంగా సరిపోయింది.

క్లినిక్‌లో పేర్లన్నీ ఇంగ్లీషు అక్షరాల్లో ఉండేవి. లైబ్రరీ పని వచ్చేసరికి అంతా తెలుగు.

ఆ లైబ్రరీని చూసుకునేది రిటైరైన తెలుగు మాస్టారు. కొన్ని వేల పుస్తకాల పేర్లు, రచయితల పేర్లు ఆయనే దగ్గర కూర్చుని టైప్ చేయించారు. పెట్టిన మొదటి వారం బాగానే ఉంది. తర్వాత ఒకరోజు ఫోన్ చేసి, "బాబూ, పోతన అని కొడితే పూతన కూడా వస్తోందయ్యా" అన్నారు. వెళ్లి చూశాను. నిజమే. పోతన పద్యాల పుస్తకాలతో పాటు పిల్లల కథల్లోంచి పూతన కూడా వచ్చి కూర్చుంది. "ఇంకోటి చూడు" అని వేమన అని కొట్టారు. వేమన వచ్చాడు, వెనకాలే వామనావతారం వచ్చింది. సీత కోసం వెతికితే సేతువు. మాస్టారికి కోపం రాలేదు కానీ, ఆ పేర్లు కలిసిపోవడం ఆయనకి బాధగానే ఉన్నట్టుంది. నాకూ అంతే. తెలుగు చదువుకున్న మనిషి ముందు ఆ స్క్రీన్ అలా ఉండటం నాకు కష్టంగా అనిపించింది.

కారణం ఇదీ. ఎఫ్‌టీఎస్5 వాక్యాన్ని మాటలుగా విడగొట్టేటప్పుడు యూనికోడ్ (కంప్యూటర్లలో అన్ని భాషల లిపులకీ వాడే ప్రమాణం) ప్రకారం అక్షరాలు, అంకెలు అన్నవాటినే మాటలో భాగంగా తీసుకుంటుంది. మిగతావన్నీ దాని లెక్కలో ఖాళీ జాగా కిందే. మన గుణింతపు గుర్తులు, పొల్లు, సున్న యూనికోడ్‌లో అక్షరాలు కావు. 'మార్కులు' అనే వేరే వర్గంలో ఉన్నాయి. అందుకని పోతనలో ఓత్వం దగ్గర మాట తెగి 'ప', 'తన' అని రెండు ముక్కలవుతుంది. పూతనలో కొమ్ముదీర్ఘం దగ్గర తెగి అవే రెండు ముక్కలు. ఇక దానికి ఇద్దరూ ఒకటే. వేమన, వామన కూడా 'వ', 'మన' అయిపోతారు. హిందీ, తమిళం, కన్నడం, వీటన్నిటి గుణింతాలకీ ఇదే గతి.

ఎర్రర్ రాకపోవడం నాకు అన్నిటికంటే ఎక్కువ కోపం తెప్పించింది. వెతికింది దొరుకుతుంది కాబట్టి అంతా బాగున్నట్టే కనిపిస్తుంది. మాస్టారి లాంటి మనిషి కూర్చుని చూస్తే తప్ప బయటపడదు.

దీనికి మందు ఒక్క లైనే. టేబుల్ చేసేటప్పుడు టోకెనైజర్‌కి, అంటే మాటలు విడగొట్టే భాగానికి, కేటగిరీస్ అనే ఆప్షన్ ఇచ్చి, మామూలుగా ఉండేవాటికి ఎంఎన్, ఎంసీ అనే రెండు వర్గాలు (మన గుణింతపు గుర్తులు ఉండేది వీటిలోనే) కలపాలి. ఉన్న టేబుల్‌కి అది మార్చడం కుదరదు, కొత్తది చేసి డేటా మళ్లీ నింపాలి. లైబ్రరీ జాబితాకి మాస్టారు టీ తాగేలోపే అయిపోయింది. మళ్లీ పోతన అని కొట్టారు. పోతనే వచ్చాడు. వేమన కొట్టారు, సీత కొట్టారు, తర్వాత తనకిష్టమైన కవుల పేర్లన్నీ ఒక్కొక్కటే కొట్టుకుంటూ పోయారు. ఇంటర్నెట్ లేని పాత కంప్యూటర్‌లో తెలుగు సెర్చ్ అంత చక్కగా పని చేయడం చూస్తే నాకు ఎంత సంతోషమేసిందో చెప్పలేను.

అయితే ఆ లైనుతో తెలుగు కష్టాలన్నీ తీరిపోవు. రాజ్‌కుమార్ అని రాసేటప్పుడు జ్ పొల్లుకీ కకీ మధ్య కంటికి కనిపించని ఒక క్యారెక్టర్ పెడతాం. కొందరు పెట్టకుండా రాజ్కుమార్ అని కొడతారు. అది పెడితే సెర్చ్‌కి రెండు మాటలు, పెట్టకపోతే ఒకటే మాట, ఒకదానికోసం వెతికితే రెండోది దొరకదు. ఇప్పుడు డేటా లోపలికి వెళ్లేటప్పుడూ, వెతికేటప్పుడూ దాన్ని తీసేస్తున్నాను. బహువచనాల, విభక్తుల సంగతి సరేసరి. పుస్తకం, పుస్తకాలు, పుస్తకానికి అన్నీ ఒకటేనని దానికి తెలియదు. 'పుస్తక' దాకా రాసి చివర నక్షత్రం గుర్తు పెడితే మూడూ వస్తాయి, కానీ ఇల్లు, ఇళ్లు లాంటివాటికి ఆ ఉపాయం పారదు. 2020లో వచ్చిన ట్రైగ్రామ్ (మూడేసి క్యారెక్టర్ల ముక్కలుగా విడగొట్టే) పద్ధతిలో మాట మధ్యలో ముక్కతో కూడా వెతకొచ్చు, ఫైలు మాత్రం పెరుగుతుంది.

ఇంకోటి, డేటా అంతా ఒకే ఫైలు, పెన్‌డ్రైవ్‌లో వేసుకుంటే చాలు అని క్లయింట్లందరికీ చెబుతుంటాను. వాల్ మోడ్‌లో (కొత్త రాతల్ని ముందు వేరే ఫైలులో వేసే పద్ధతిలో) నడుపుతుంటే ఆ మాట పూర్తిగా నిజం కాదు. పక్కన ఇంకో ఫైలు ఉంటుంది, తాజా రాతలు కొన్ని అందులో ఉండొచ్చు. అందుకే లైబ్రరీలో బ్యాకప్ బటన్ ఒకటి పెట్టాను, నొక్కితే వాక్యూమ్ ఇంటూ కమాండ్‌తో పూర్తి కాపీ విడిగా వస్తుంది. మాస్టారు దాన్నే నొక్కుతారు.

నేను వాడే చోట్లన్నీ చిన్నవి. ఒక కౌంటరో, రెండు కౌంటర్లో ఉంటాయి, ఒకేసారి ఇద్దరు రాసే సందర్భం అరుదు. రాసేటప్పుడు ఒకరి తర్వాత ఒకరే రాయాలన్న ఎస్‌క్యూలైట్ పద్ధతి నన్ను ఇంతవరకు ఇబ్బంది పెట్టలేదు. అమెరికా సంఘం వాళ్ల పని ఒక్కటే, టికెట్లు తెరిచిన గంటలో జనం ఎగబడతారు కాబట్టి, పోస్ట్‌గ్రెస్ అనే సర్వర్ డేటాబేస్‌కి మార్చాను. పెద్ద కంపెనీలో పని చేస్తుంటే నా అభిప్రాయం వేరుగా ఉండేదేమో. ఊరి లైబ్రరీకో, స్కూలుకో, ఆసుపత్రికో తెలుగులో వెతికే సాఫ్ట్‌వేర్ ఎవరైనా అడిగితే మాత్రం నేను ఇప్పటికీ ఎస్‌క్యూలైటే పెడతాను, కేటగిరీస్ లైను ముందే రాసి.