‘రవివర్మ లక్ష్మి’ ప్యాకేజీ: వేషం కుదిరింది, రంగు కుదరలేదు

వరలక్ష్మీ వ్రతానికి ముందు హైదరాబాద్ స్టూడియోల్లో కనిపించే, చిత్రకారుడు రాజా రవివర్మ గీసిన లక్ష్మిలా వేషం వేసి ఫోటో తీసే ‘రవివర్మ లక్ష్మి’ ప్యాకేజీని హిమాయత్‌నగర్ వైపు ఉన్న ఒక స్టూడియోలో మా మేనకోడలి కోసం తీసుకున్నాము. చీర, నగలు, అలంకరణ, ఫ్రేము కట్టిన ఒక పెద్ద ఫోటో కలిపి 9,500 రూపాయలు.

అలంకరణకు వంక పెట్టలేను. 1894లో రవివర్మ బొంబాయిలో నెలకొల్పిన ముద్రణాలయం ఇంటింటికీ చేర్చిన లక్ష్మి పటం ప్రతిని ఎదుట గోడకు తగిలించి, కుచ్చిళ్ళు ఎక్కడ విచ్చుకోవాలో, పై చేతుల్లోని తామరలు ఏ ఎత్తున నిలవాలో అలంకరించిన ఆవిడ ఒకటికి రెండుసార్లు సరిచూశారు. ఆ రెండు చేతుల కోసం కంప్యూటర్‌ను నమ్ముకోక మరొక అమ్మాయిని వెనక నిలబెట్టడం నాకు నచ్చింది. దండ పట్టిన ఏనుగు థర్మకోల్‌ది, కన్ను కాస్త మెల్ల. నాకైతే అదే ముద్దొచ్చింది.

చూపు దగ్గర చిన్న వాదన జరిగింది. “పక్కకు చూడమ్మా, క్యాండిడ్‌గా వస్తుంది” అని ఫోటోగ్రాఫర్ అన్నారు. పూజగదిలోని పటాన్ని మనం చూడటం ఎంతో, పటం మనల్ని చూడటమూ అంతే. దర్శనమంటే ఆ రెండు చూపుల కలయిక కనుక, చూపు పక్కకు మళ్ళితే ఆమె లక్ష్మి కాదు, నగల ప్రకటనలోని మోడల్ అవుతుంది. ఆ మాట చెప్పగానే ఆయన ఒప్పుకున్నారు.

అసలు లోపం ఫోటో చేతికి వచ్చాక తెలిసింది. చామనఛాయ పిల్ల పాలరంగులోకి మారిపోయింది. “దేవత కదండీ, తెల్లగా ఉంటేనే నిండుగా ఉంటుంది” అన్నారు స్టూడియోవారు. శ్రీసూక్తం లక్ష్మిని ‘హిరణ్యవర్ణాం’, అంటే బంగారు రంగు గలది అంటుంది; బంగారం తెలుపు కాదు కదా! కళాకారిణి పుష్పమాల ఎన్., ఫోటోగ్రాఫర్ క్లేర్ ఆర్నీతో కలిసి 2000–2004 మధ్య చేసిన ఫోటోల్లో, ఇదే రవివర్మ లక్ష్మిగా తానే నిలబడ్డారు. 2017లో చెన్నైలో ఫోటోగ్రాఫర్ నరేశ్ నీల్, భరద్వాజ్ సుందర్‌తో కలిసి నల్లని మేనిఛాయ గల వారిని లక్ష్మిగా, దుర్గగా, శివుడిగా నిలబెట్టి ఫోటోలు తీశారు. రెండుచోట్లా వేషం పటంలోనిదే, శరీరం మాత్రం మన మధ్య తిరిగే మనిషిది. అందుకే దేవత ముఖాన్ని ఇన్నాళ్ళూ ఎవరు నిర్ణయించారన్న ప్రశ్న చూసేవారికి తడుతుంది. ఈ స్టూడియో అందుకు తలకిందులుగా, మనిషినే పటానికి సరిపడేలా దిద్దింది. పిల్ల తన ఫోటో చూసుకుని “ఇది ఎవరు అత్తా?” అని అడిగింది.

తిరిగి ముద్రించేందుకు 1,200 రూపాయలు అదనంగా తీసుకున్నారు. అది న్యాయమని నేను అనుకోను. రెండవ ప్రతిలో మేనిఛాయ, ఏనుగు మెల్లకన్నూ ఉన్నవి ఉన్నట్టే వచ్చాయి. అక్కడికి వెళ్ళేవారు చర్మం రంగు మార్చకూడదని ఆర్డరు కాగితం మీదే రాయించుకోవడం మంచిది.