పలాస కర్మాగారంలో వైర్‌లెస్ లైన్ సెన్సార్లు: ఒక వర్షాకాలం తర్వాత

పలాస దగ్గర మా జీడిపప్పు కర్మాగారం ఆవరణలో 11 కేవీ లైను కొబ్బరి తోట అంచు వెంబడే సాగుతుంది. గాలివాన వచ్చిందంటే ఏదో ఒక మట్ట తీగల మీద పడి బ్రేకర్ ట్రిప్ అవుతుంది. ఆపైన ఫాల్ట్ ఏ స్తంభం దగ్గరుందో కనిపెట్టడానికి టార్చిలైటు పట్టుకుని లైను పొడవునా నడవాలి. ఆ తిప్పలు తప్పుతాయన్న ఆశతో, వానలకు ముందు, తీగలకు బిగించే ఆరు వైర్‌లెస్ సెన్సార్లు, వాటి సందేశాలను అందుకునే ఒక గేట్‌వే ఉన్న కిట్ తీసుకున్నాం.

పెట్టె మీద '10 మిల్లీసెకన్ల స్పందన' అని ఉంది. అది నిజానికి ఒక్క స్లాటు నిడివి మాత్రమే. 2.4 గిగాహెర్ట్జ్ మీద పనిచేసే ఈ సెన్సార్లు కాలాన్ని 10 మిల్లీసెకన్ల స్లాట్లుగా పంచుకుని, తమ వంతు వచ్చినప్పుడే సందేశం పంపుతాయి. మాకు వచ్చిన కిట్‌లో ఒక్కో ఆవృత్తికి, అంటే అందరి వంతులూ ఒకసారి తిరిగే చుట్టుకు, 101 స్లాట్లు పెట్టి ఉన్నాయి కనుక, వంతు తప్పిన సందేశం మళ్లీ 1 సెకను ఆగాల్సిందే. చివరి రెండు సెన్సార్ల కబురు మధ్యలో మరో రెండింటిని దాటి గేట్‌వేకు చేరాలి. ప్రతి మజిలీలోనూ ఆ నిరీక్షణ తప్పదు. లైను ఆపించి, చివరి సెన్సారుకు పరీక్ష అయస్కాంతం తాకించిన సహాయకుడు ఫోనులో 'ఇప్పుడు' అన్న తర్వాత, గేట్‌వే మీది ఎర్రదీపం వెలిగేలోపు నేను 'ఒకటి, రెండు' అని నింపాదిగా లెక్కపెట్టగలిగాను.

అయితే సెట్టింగులు మార్చుకునే వీలు ఉంచారు, అందుకు మెచ్చుకోవాలి. రెండు సెన్సార్లు ఒక మజిలీలో, రెండు రెండింటిలో, రెండు మూడింటిలో గేట్‌వేను చేరతాయి కాబట్టి మొత్తం 12 ప్రసారాలు చాలు. మిగిలిన 5 స్లాట్లు పోయిన సందేశాలను తిరిగి పంపడానికి ఉంచి, ఆవృత్తిని 17కు కుదించాం. (అంతరాయాలను తప్పించుకోవడానికి ఈ రేడియోలు స్లాటు స్లాటుకూ ఛానెల్ మారుస్తాయి. 16 పెడితే, ఛానెళ్లూ 16 కనుక, ఒక్కో స్లాటు ఎప్పుడూ ఒకే ఛానెల్‌లో ఇరుక్కుంటుంది.) దూరపు సెన్సారు స్లాటు వెంటనే దాని తర్వాతి మజిలీ స్లాటు వచ్చేలా వరుస మార్చాక, సందేశం దారిలో పోకపోతే, చివరి కబురు కూడా 200 మిల్లీసెకన్లలోపే చేరుతోంది.

ఈ వేగానికి మూల్యం విద్యుత్తు రూపంలో చెల్లించాలి. రేడియో తరచుగా మేలుకుంటుంది. సెన్సార్లు తీగలోని కరెంటు నుంచే శక్తి తీసుకుంటాయి కనుక, ఫ్యాక్టరీకి సెలవైన రోజుల్లో లోపలి బ్యాటరీ మీద భారం పడుతోంది. తడిసిన కొబ్బరాకులు సిగ్నల్‌ను పీల్చేయడంతో ఒక సెన్సారును పక్క స్తంభానికి మార్చాం. ఇనుప ప్యానెల్‌లో బిగించి వెళ్లిన గేట్‌వే యాంటెన్నాను మేమే బయటికి తెచ్చుకున్నాం.

అమ్మిన సంస్థ ప్రతినిధి దీనితో బ్రేకర్‌ను కూడా ట్రిప్ చేయించవచ్చన్నారు. ఆ మాట నమ్మవద్దు. సబ్‌స్టేషన్ పరికరాల మధ్య సమాచార మార్పిడికి వాడే ఐఈసీ 61850 ప్రమాణం అత్యంత వేగవంతమైన ట్రిప్ సందేశాలకు ఇచ్చే గడువు 3 మిల్లీసెకన్లు. ఈ రేడియోలో 127 బైట్ల నిండు సందేశం గాలిలో ప్రయాణించడానికే, సెకనుకు 250 కిలోబిట్ల వేగంతో, 4 మిల్లీసెకన్లు పడుతుంది. ఫాల్ట్‌ను పసిగట్టి ట్రిప్ ఆదేశమిచ్చే రిలే నుంచి బ్రేకర్‌కు తీగే ఉండాలి. ఈ కిట్ ఫాల్ట్ చోటు చూపడానికే.

ఆ పనికైతే కొనవచ్చు. సగటు కాదు, గరిష్ఠ ఆలస్యం ఎంతో రాతపూర్వకంగా అడిగి తీసుకోండి. క్లాంపు బోల్టులు మాత్రం సముద్రపు గాలికి మూడో నెలకే తుప్పు పట్టాయి. స్టెయిన్‌లెస్‌వి మా ఖర్చుతో వేసుకున్నాం.