కౌంటీ ఆదాయాల లెక్క: పదేళ్ల వాడకం తరువాత

అమెరికాలోని ఒక కౌంటీలో (మన జిల్లా లాంటి పాలనా విభాగంలో) ఇళ్ల ఆదాయం ఏళ్ల తరబడి ఎలా మారిందో లెక్కగట్టి చెప్పడం నా ఉద్యోగంలో ఒక భాగం. ఇళ్లన్నిటినీ ఆదాయాన్ని బట్టి వరుసగా నిలబెడితే సరిగ్గా నడుమ వచ్చే ఇంటి ఆదాయమే మధ్యగత ఆదాయం. కొద్దిమంది కోటీశ్వరులు వచ్చి చేరినంత మాత్రాన అది సగటులాగా ఎగిరిపడదు. ఇందుకోసం అమెరికా జనగణన సంస్థ అయిన సెన్సస్ బ్యూరో ఇచ్చే రెండు గణాంకాలను పదేళ్లుగా వాడుతున్నాను. అందరూ ఎరిగిన అమెరికన్ కమ్యూనిటీ సర్వే ఒకటి, తక్కువమంది తెరిచి చూసే స్మాల్ ఏరియా ఇన్‌కమ్ అండ్ పావర్టీ ఎస్టిమేట్స్ (చిన్న ప్రాంతాల ఆదాయ, పేదరిక అంచనాలు) రెండోది. ఏటేటా మార్పు చూడాలంటే ఈ రెండోదే నమ్మదగినదని నా అభిప్రాయం.

కమ్యూనిటీ సర్వేలో చిక్కు ఏమిటంటే, జనాభా 65,000 దాటిన కౌంటీలకే ఒక్క ఏడాది అంచనా దొరుకుతుంది. 3,100 పైచిలుకు కౌంటీలలో ఎక్కువ భాగం ఆ గీతకు దిగువనే ఉన్నాయి కనుక వాటికి ఐదేళ్ల జవాబులను కలిపి కట్టిన అంచనాయే గతి. 2017–2021 అంకె పక్కన 2018–2022 అంకెను పెట్టి ‘ఒక్క ఏడాదిలో ఇంత పెరిగింది’ అనేవారిని చాలామందిని చూశాను, మొదట్లో నేనూ ఆ పనే చేశాను. ఆ రెండింటిలోనూ నాలుగేళ్ల సమాచారం ఉమ్మడిది. నిజంగా మారింది 2017 పోయి 2022 రావడమొక్కటే. పైగా 2020లో మహమ్మారి వల్ల సర్వేకు జవాబులు తగ్గిపోయి, ఆ ఏటి ఒక్క ఏడాది అంచనాలను ప్రయోగాత్మకమైనవిగా మాత్రమే విడుదల చేశారు. అందుచేత పెద్ద కౌంటీల గీతలోనూ ఆ చోట ఒక ఖాళీ మిగిలిపోయింది.

ఇక్కడ నా నిర్వాకం ఒకటి చెప్పుకోవాలి. ఒకసారి కొన్ని కౌంటీల ఆదాయాలను సరిపోల్చే పట్టికలో ఒక వరుస సగటు కోట్ల డాలర్ల అప్పులోకి దిగిపోయింది. వెతగ్గా వెతగ్గా ఒక చిన్న కౌంటీ గడిలో -666666666 అన్న అంకె కనిపించింది. సర్వేలో దొరికిన ఇళ్లు చాలక అంచనా కట్టలేదని తెలిపే గుర్తు అది, నేను దాన్ని ఆదాయమనుకుని కలిపేశాను. అప్పటినుంచి లెక్క మొదలుపెట్టే ముందు రుణ (మైనస్) సంఖ్యలున్నాయేమో చూడడం అలవాటైంది.

స్మాల్ ఏరియా అంచనాలు పుట్టింది పేదపిల్లలు ఎక్కువగా ఉన్న పాఠశాలలకు ఫెడరల్ నిధులు పంచడానికి పనికొచ్చే లెక్క కోసం. మధ్యగత ఆదాయం వాటితోపాటు మనకు దక్కిన లాభం. సర్వే ఇచ్చిన అంకెను, పన్ను రిటర్నుల వంటి ప్రభుత్వ రికార్డుల ఆధారంగా గణిత నమూనా (మోడల్) ఊహించిన అంకెను కలిపి, ఏది ఎంత గట్టిదో దాన్ని బట్టి తూకం వేస్తారు. పెద్ద కౌంటీలో సర్వే మాట చెల్లుతుంది, చిన్న కౌంటీలో నమూనా మాట చెల్లుతుంది. 2020 జనగణనలో 64 మందే లెక్కకొచ్చిన టెక్సస్‌లోని లవింగ్ కౌంటీ లాంటి చోట ఆ అంకె దాదాపు నమూనా మాటేనని గుర్తుంచుకుని చదవాలి. అయినా దాదాపు ప్రతి కౌంటీకీ ఏటా ఒకే పద్ధతిలో ఒక అంకె, దాని పక్కనే 90 శాతం విశ్వాస పరిధి (అసలు విలువ ఎంత నుంచి ఎంత వరకు ఉండొచ్చో చెప్పే హద్దులు) ఉండడం నా పనికి ఎంతో ఆసరా. లోపాలు లేకపోలేదు. 2005లో ఆధార సర్వేనే మార్చారు కనుక అంతకు ముందు ఏళ్లను తరువాతి వాటితో నేరుగా అతికించకూడదు. అంకెలన్నీ ఏ ఏటి డాలర్లలో ఆ ఏటివే కావడం వల్ల ధరల సూచీతో సవరించే భారం మన మీదే పడుతుంది. కమ్యూనిటీ సర్వే ఐదేళ్ల అంకెలను మాత్రం వాళ్లే చివరి ఏటి డాలర్లలోకి మార్చి ఇస్తారు. ఈ తేడా మరిచి రెండింటినీ ఒకే గ్రాఫులో గీస్తే అంతా తప్పే.

మనవాళ్లు ఎక్కువగా స్థిరపడిన జార్జియాలోని ఫోర్సైత్ కౌంటీ గురించి మిత్రులు తరచూ అడుగుతుంటారు. అక్కడి జనాభా 2000లో 98,407, 2020 నాటికి 2,51,283. ఆదాయపు గీత పైకి వెళ్లిందంటే పాత ఇళ్లవారి జీతాలే పెరిగాయని కాదు, మంచి జీతాలున్నవారు వచ్చి చేరినా గీత లేస్తుంది. ఈ రెండు గణాంకాలూ ఏటా ఆ కౌంటీలో ఉన్నవారిని చూస్తాయి తప్ప ఒకే ఇంటిని వెంబడించవు. ఎంత వివరించినా ఈ సంగతి వినేవారికి ఒక పట్టాన ఎక్కదు.

మిగిలినదంతా గుమాస్తా పని. కనెటికట్‌లోని 8 కౌంటీల స్థానంలో 2022 కమ్యూనిటీ సర్వే నుంచి 9 ప్రణాళికా ప్రాంతాలు వచ్చాయి, హద్దులు కలవవు కనుక ఆ రాష్ట్రపు గీతను నేను అక్కడితో ఆపేశాను. దక్షిణ డకోటాలోని షానన్ కౌంటీ 2015లో ఓగ్లాలా లకోటాగా పేరు మార్చుకున్నప్పుడు గణాంకాలలో దాన్ని గుర్తించే కోడ్ కూడా 46113 నుంచి 46102కు మారింది. నా ఫైలులో ఒక కౌంటీ చచ్చి ఇంకొకటి పుట్టినట్టు కనిపిస్తే, రెండు గీతలనూ చేత్తోనే ఒకటిగా కలిపాను.