ఫ్లై రాడ్‌తో పాటు లైన్ సెట్‌గా కొంటున్నారా? డబ్బా మీద అంకె నమ్మకండి, తూకం వేయండి

కొత్తగా ఫ్లై ఫిషింగ్ (ఫ్లై అంటే పురుగులా కనిపించేలా కట్టిన తేలికైన గాలపు కొక్కెం, దాన్ని విసిరి చేపలు పట్టడం) మొదలుపెట్టి రాడ్, రీల్, లైన్ మూడూ కలిపి ఒకే సెట్‌గా కొనబోతున్నవాళ్లు దయచేసి ఇది చదివాకే డబ్బు కట్టండి. నాకు ఒక సీజన్ మొత్తం పోయింది.

నేను కొన్నది 9 అడుగుల 5 వెయిట్ రాడ్, అంటే 5వ నంబరు బరువున్న లైన్‌కి సరిపోయేది, నాలుగు ముక్కలది. మొదటిసారి కొనేవాళ్లకు చాలామంది చెప్పేది అదే, అందులో తప్పేం లేదు. లైన్ కూడా అమ్మినవాళ్లే ఇచ్చారు, ఈ రాడ్‌కి సరిగ్గా సరిపోతుంది, మీరేం చూసుకోనక్కర్లేదు అన్నారు. డబ్బా మీద డబ్ల్యూఎఫ్5ఎఫ్ అని ఉంది, అంటే వెయిట్ ఫార్వర్డ్, 5వ నంబరు, నీటి మీద తేలేది. రాడ్ మీద 5, లైన్ మీద 5, ఇంకేం కావాలి అనుకున్నాను.

తీరా నీళ్ల దగ్గరికి వెళితే లైన్ ముందుకు పోదే! వెనక్కి తీస్తే గాలిలో సాగకుండా కుప్పగా పడిపోతుంది, ముందుకు విసిరితే లీడర్ (లైన్ కొసకీ ఫ్లైకీ మధ్య కట్టే సన్నటి దారం) విప్పుకోకుండా చుట్టలు చుట్టలుగా నా కాళ్ల ముందే రాలుతుంది. బలం పెట్టి విసిరితే ఇంకా ఘోరం, ఫ్లై వచ్చి టోపీకి గుచ్చుకుంది. అమ్మినవాళ్లకు చెబితే, కొత్తవాళ్లందరికీ ఇంతే, ప్రాక్టీస్ చేయండి అన్నారు. నమ్మాను. వారాల తరబడి గడ్డిలో నిలబడి, ఫ్లై బదులు ఊలు ముక్క కట్టుకుని, భుజం లాగేసేదాకా ప్రాక్టీస్ చేశాను. నాకిక ఇది రాదేమో, వదిలేద్దాం అనుకున్న రోజులు కూడా ఉన్నాయి. అన్నిటికంటే నాకు కోపం తెప్పించేది అదే, వస్తువులో ఉన్న లోపాన్ని నా చేతిలో ఉందని నమ్మించారు.

చాలా ఏళ్లుగా ఫ్లై ఫిషింగ్ చేస్తున్న ఒకాయన నా అవస్థ కాసేపు చూసి, తన రీల్ తీసి నా రాడ్‌కి బిగించి ఇచ్చారు. అదే రాడ్, అదే చెయ్యి. రెండో విసురుకే లైన్ తిన్నగా సాగి వెళ్లింది.

మామూలు గాలంలో సీసం గుండో ఎరో ముందుకు దూసుకుపోతూ వెనక దారాన్ని లాక్కెళుతుంది. ఫ్లైకి చెప్పుకోదగ్గ బరువు ఉండదు కాబట్టి ఇక్కడ విసిరేది లైన్ బరువునే. ఆ బరువుకి రాడ్ వంగాలి, వంగిన రాడ్ మళ్లీ నిటారుగా అవుతూ లైన్‌ని తోయాలి. లైన్ తేలికైతే రాడ్ వంగకుండా కర్రలా ఉండిపోతుంది. మరీ బరువైతే వంగిపోయి, తేరుకునేలోపే లైన్ కిందకి జారిపోతుంది.

అందుకే ఇంటికొచ్చి తూకం వేశాను. అమెరికన్ ఫ్లై ఫిషింగ్ ట్రేడ్ అసోసియేషన్ ప్రమాణం ప్రకారం లైన్ నంబరు తేలేది దాని మొదటి 30 అడుగుల బరువుని బట్టి. 5వ నంబరుకి 140 గ్రెయిన్లు (గ్రెయిన్ అంటే చిన్న తూకం కొలత, ఒక గ్రాముకి దాదాపు 15.4 గ్రెయిన్లు) ఉండాలి, అటూ ఇటూ 6 గ్రెయిన్ల తేడా ఒప్పుకుంటారు. గ్రాముల్లో చెప్పాలంటే దాదాపు 8.7 నుంచి 9.5 లోపు. 4వ నంబరు 120 గ్రెయిన్లు, 6వది 160, 7వది 185. నాది 7.8 గ్రాములు తూగింది. అంటే 4వ నంబరు లైన్‌ని 5 అని రాసి నాకు అంటగట్టారు!

ఆ మాట అడిగితే, రీల్‌కి చుట్టేశారు కాబట్టి వెనక్కి తీసుకోం, పోనీ 6 వాడండి అన్నారు. ఇంకోటి కొన్నాను, అదీ నా డబ్బుతోనే. ఈసారి కొనగానే తూకం వేస్తే 12 గ్రాములు, అంటే 7వ నంబరు బరువు. దాంతో రాడ్ పిడి దాకా వంగిపోతోంది, లైన్ నీటి మీద చప్పుడుతో పడి చేపలు చెదిరిపోతున్నాయి. ఫాస్ట్ రాడ్ల కోసం కావాలనే అలా చేస్తారండీ అని జవాబు. న్యాయంగా చెప్పాలంటే అందులో కొంత నిజం ఉంది, గట్టి రాడ్లు వంగడానికి కొన్ని కంపెనీలు అర నంబరో ఒక నంబరో ఎక్కువ బరువుతో లైన్లు చేస్తాయి. 15, 20 అడుగుల దగ్గర వేసేవాళ్లకు అది ఉపయోగమే, ఎందుకంటే అప్పుడు 30 అడుగులూ బయటికి రావు కదా. కానీ ఆ సంగతి కొనేముందు చెప్పాలి. రాడ్ నంబరు సంగతి ఇంకా చిత్రం, లైన్‌కి ఉన్నట్టు అందరూ పాటించే తూకం లెక్క రాడ్‌కి లేదు, తయారుచేసినవాళ్లు ఏ నంబరు సరిపోతుందనుకుంటే అది రాస్తారు. రెండు చేతులతో విసిరే రాడ్లకైతే లైన్ బరువుల పట్టికే వేరు, అక్కడి 5 ఇక్కడి 5 కంటే బాగా బరువు, పొరపాటున అది తెచ్చుకోకండి.

కాబట్టి కొనేముందు నంబరు అడగడం మానేసి, మొదటి 30 అడుగులు ఎన్ని గ్రెయిన్లు అని అడగండి. చెప్పలేకపోతే అక్కడ కొనకండి. ఇంటికి తెచ్చాక రీల్‌కి ఎక్కించకముందే, లైన్‌ని కోయకుండా, మొదటి 30 అడుగులు, అంటే 9.14 మీటర్లు, చుట్టగా చేసి పాయింట్ తర్వాత అంకెలు చూపించే చిన్న డిజిటల్ కాటా మీద పెట్టండి. మిగతా లైన్ పక్కనే అదే ఎత్తులో ఉండాలి, వేలాడితే తూకం తప్పుతుంది. ఏ కొస నుంచి కొలవాలో కూడా చూసుకోండి, వెయిట్ ఫార్వర్డ్ లైన్‌లో బరువంతా ఒక వైపే ఉంటుంది, వెనక భాగం సన్నటి రన్నింగ్ లైన్, అటు నుంచి తూస్తే లెక్క పనికిరాదు. వీలైతే బరువు తెలిసిన లైన్ ఉన్నవాళ్లని అడిగి మీ రాడ్‌కి ఒకసారి బిగించి విసిరి చూడండి, ఆ ఒక్క పని నేను మొదటి వారంలోనే చేసుంటే ఇంత దూరం వచ్చేది కాదు.

రాడ్ ఇంకా నా దగ్గరే ఉంది, దానిలో ఏ లోపమూ లేదు. విడిగా అడిగి, తూచి కొన్న లైన్ 9.1 గ్రాములు వచ్చింది, ఇప్పుడు దాంతోనే వేస్తున్నాను.